రాయనిది మిగలదు

కోరుట్ల బస్టాండుకు ఎదురుగా ఉన్న సందులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్మే దుకాణం ఉంది. పోయిన నెల చుట్టాల పెళ్లికి వెళ్లి, తిరుగు బస్సుకు ఇంకా సమయం ఉండడంతో ఆ సందులోకి నడిచాను. దుకాణం ముందు నడివయసు మనిషి ఒకతను ప్లాస్టిక్ సంచిలో పాస్‌పోర్టు, కొన్ని కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి మళ్లీ వెళ్లబోతున్న మనిషి. బోర్డు చదివి, నా వైపు తిరిగి అడిగాడు.

“ఈడ కంప్యూటరాయన ఉండె గద సార్. పని అయినంక మన కాయితం మిషన్ల ఉండనియ్యకపోతుండె. దుకాణం ఏడికి మార్చిండు?”

“లేడు” అన్నాను.

“సిరిసిల్ల పోయిండన్నరు.”

“పోయిండు. అక్కడ కూడా లేడు.”

అతనికి అర్థమైంది. సంచిని చంకలో పెట్టుకున్నాడు. “కసురుతుండె గని మంచోడు సార్” అని చెప్పి, పక్క సందులో జిరాక్స్ దుకాణం ఉందేమో చూడడానికి వెళ్లిపోయాడు.

జగిత్యాల వచ్చేదాకా బస్సులో ఆ మాటే నాతో ఉంది. కసిరేవాడన్నది నిజం. మంచివాడన్నదీ నిజం. ఆ మంచితనమే చివర్లో అతని నుంచి ఏం తీసుకుపోయిందో ఆ గల్ఫ్ మనిషికి తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. అతని తల్లికి చదువు రాదు. అయినా సిరిసిల్లలో ఎవరైనా దీన్ని ఆమెకు చదివి వినిపించవచ్చు.

నేను జగిత్యాలలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. పుస్తకాల జాబితా ఉన్న మా కంప్యూటర్ ఒకసారి మొరాయిస్తే, ఎవరో అతని నంబరు ఇచ్చారు. కోరుట్ల నుంచి బస్సులో వచ్చాడు. సన్నగా, కొంచెం వంగినట్టు ఉండేవాడు. ఎదుటివాళ్ల ముఖం చూడకుండా చేతులు చూస్తూ వినేవాడు. ఏం జరిగిందో, ఏం చేస్తే బాగుపడుతుందో నాకు తోచింది చెప్పడం మొదలుపెట్టాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎట్ల చేయాల్నో చెప్పకుండ్రి సార్. ఏం గావాల్నో చెప్పుండ్రి.”

పుస్తకం పేరు కొడితే అది ఏ బీరువాలో ఉందో కనబడాలన్నాను. అంతేనా అని అడిగాడు. అంతే అన్నాను. సాయంత్రానికి చేసి వెళ్లాడు. మర్నాడు పిల్లలు పుస్తకాలు తీసుకుంటే రాసుకునే భాగం లేదని చూసి ఫోన్ చేశాను. “మీరు గది అడగలే” అన్నాడు. మళ్లీ బస్సెక్కి వచ్చాడు. గొణుక్కుంటూనే అది కూడా పెట్టాడు. అప్పటి నుంచి అతనికి ఏదైనా చెప్పే ముందు నేను కాసేపు ఆలోచించుకునేవాణ్ని.

ఈ పద్ధతి కంప్యూటర్లకే కాదు. కోరుట్లలో ఒకసారి అతనితో పాటు మంగలి షాపుకు వెళ్లాను. చెవుల మీద వెంట్రుక పడొద్దు, అది చాలు, కత్తెరతో చేస్తావో మిషన్‌తో చేస్తావో నీ ఇష్టం అని చెప్పి కళ్లు మూసుకున్నాడు. మంగలి నా వైపు చూసి కన్నుకొట్టాడు.

“గుండు గొడ్త మరి. ఒక్కటి గూడ పడది.”

అతను కళ్లు తెరిచి, చాలాసేపు నవ్వాడు. “గొడితే గొట్టు. నేను చెప్పుడు తక్కువైంది. నీ తప్పు గాదు” అన్నాడు. అతను అట్లా నవ్వడం నేను చూసింది తక్కువ. కోరినది కోరినట్టే చేసే పనివాడి ముందు కోరడంలోనే జాగ్రత్త ఉండాలని అతనికి బాగా తెలుసు. ఈ సంగతి నేను తర్వాత ఎన్నోసార్లు తలుచుకున్నాను.

అతని దుకాణం మొదట్లో అన్ని దుకాణాల్లాంటిదే. గల్ఫ్ పోయేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు వచ్చి పాస్‌పోర్టు, ఆధార్, ఫొటోలు మిషన్లోకి ఎక్కించుకుని, ప్రింట్లు తీసుకుని వెళ్లేవారు. ఎక్కించినవి అందులోనే ఉండిపోయేవి. భర్త మస్కట్‌లో ఉన్న ఒక అమ్మాయి కాగితాలు అట్లాగే ఉండిపోయాయి. ఆమె తర్వాత అదే కుర్చీలో కూర్చున్నవాడెవడో ఆమె ఫొటో, నంబరు చూసి రాసుకుపోయాడు. ఆ సాయంత్రం నుంచి ఆమెకు ఫోన్లు మొదలయ్యాయి. ఆమె అత్తను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. గొడవ చేయలేదు. నా నంబరు నీ మిషన్ల నుంచే పోయింది అని ఒక్క మాట చెప్పి, జవాబు కోసం నిలబడింది. ఈ సంగతి అతను నాకు చాలాసార్లు చెప్పాడు. ప్రతిసారీ అవే మాటల్లో చెప్పేవాడు. తనను కొంచెం మంచిగా చూపించే మాట ఒక్కటి కూడా కలపలేదు.

దుకాణం కొన్నాళ్లు మూసేశాడు. తెరిచేసరికి కంప్యూటర్లలో లినక్స్ రకం మారింది. లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపించే ఉచిత వ్యవస్థ. అందులో చాలా రకాలుంటాయి. వాటిని డిస్ట్రోలంటారు. అంతకుముందు అతను వాడిన డిస్ట్రోలో ఏది కావాలన్నా ఒక్కొక్క ఆదేశం చేత్తో టైపు చేసి చేసుకోవాలి. చేసింది ఒకచోట రాసి ఉండదు. కొన్నేళ్లు గడిస్తే ఏ మార్పు ఎందుకు చేశాడో చేసినవాడికే గుర్తుండదు. కొత్తది అట్లా కాదు. కంప్యూటర్లో ఏమేం ఉండాలో, ఏది ఎట్లా ఉండాలో ఒక ఫైలులో రాయాలి. యంత్రం అది చదువుకుని తనను తాను సర్దుకుంటుంది. ఏదైనా చెడితే నిన్నటి అమరికకు వెనక్కి పోవచ్చు. యంత్రమే కాలిపోయినా ఆ ఫైలును ఇంకో దానికి ఇస్తే అదే కంప్యూటర్ మళ్లీ లేస్తుంది.

అతను అక్కడితో ఆగలేదు. బంద్ చేసి మళ్లీ పెట్టినప్పుడల్లా, ఉంచమని ఫైలులో రాసినవి తప్ప మిగతావన్నీ పోయేట్టు చేశాడు. చెరపడం కూడా కాదు. అవి డిస్కు మీదికే ఎక్కవు. నడుస్తున్నంతసేపు మెమరీలో ఉంటాయి. ఆపగానే పోతాయి. ఎంత పెద్ద నిపుణుడు వెతికినా దొరకవు. రాత్రి షట్టరు దించే ముందు మిషన్లు ఆపేవాడు. పొద్దున అవి ఎవరినీ ఎరగనట్టు లేచేవి. గల్ఫ్ మనిషి చెప్పిన కాయితం సంగతి ఇదే.

ఇదంతా నాకు అర్థమయ్యేట్టు చెప్పడానికి అతను సిరిసిల్ల సాంచాల దగ్గరికి పోయేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అతని తండ్రి బతికినన్నాళ్లూ సాంచా నడిపాడు. చీర అంచులో పువ్వు రావాలంటే, సాంచా మీద డాబీ అనే పరికరం ఉంటుంది. దానిలో కర్రపట్టీల మీద మేకులు బిగిస్తారు. మేకు ఉన్నచోట పోగు లేస్తుంది. నేసేవాడు ప్రతిసారీ చెప్పనక్కర్లేదు. “మేకు కొట్టని కాడ పువ్వు రాదు సార్. రాలేదని సాంచాను తిడితే ఏమస్తది?” అనేవాడు.

రోజూ సాయంత్రం దుకాణం నుంచే సిరిసిల్లలో ఉన్న తల్లికి ఫోన్ చేసేవాడు. ప్రింటు కోసం ఎంతమంది నిలబడినా సరే. అవ్వా తిన్నవా అని అడిగేవాడు. అటునుంచి తిన్న, నువ్వు అని వచ్చేది. తింట అని పెట్టేసేవాడు. అంతే. గింత మాటకు ఫోనెందుకని గిరాకీలు ఎగతాళి చేసేవారు. అతను పట్టించుకునేవాడు కాదు. ఆ ఒక్కటీ తప్ప అతనికి మాట్లాడడం ఇష్టం లేదు. ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పంపడమంటే మరీ కోపం. విని మళ్లీ రాసుకోవాలె, గా బాధ ఎందుకు, టైపు చేస్తే చెయ్యి అరుగుతదా అని నన్ను కూడా ఒకటి రెండుసార్లు కసిరాడు. అతని సందేశాలన్నీ అక్షరాలే. పెళ్లి వీడియోలో కూడా అతను నోరు తెరవలేదని తర్వాత అతని భార్య చెప్పింది.

ఆ సందేశాల్లో ఒక దశలో పదాలు ఒకదానికొకటి అంటుకుని రావడం మొదలైంది. తొందరలో ఉన్నాడనుకున్నాను. బొటనవేలు స్పేస్ మీట నొక్కలేకపోవడం వల్ల అట్లా అవుతున్నదని అతను హైదరాబాద్ వెళ్లి వచ్చాక తెలిసింది. నరాల జబ్బు. కండరాలు ఒక్కొక్కటే పనిచేయడం మానేస్తాయి. మందు లేదు. ఆ సంగతి కూడా అతను తన పద్ధతిలోనే చెప్పాడు. చేతులు పోతాయి, కాళ్లు పోతాయి, గొంతు పోతుంది, తర్వాత ఊపిరి. వరుస మారవచ్చని డాక్టర్లు అన్నారట. వెనక్కి పోయే వీలు లేదని అన్నాడు.

దుకాణం తీసేసి భార్యతో సిరిసిల్ల వెళ్లిపోయాడు. ఆమె బట్టలు కుట్టే షెడ్డులో పనికి కుదిరింది. పగలు అతనూ తల్లీ ఇంట్లో ఉండేవారు. ఆదివారాలు నేను వేములవాడ మీదుగా వెళ్లేవాణ్ని. యాత్రికుల రద్దీలో చాలాసార్లు నిలబడే వెళ్లాను.

దుకాణంలోవన్నీ మార్చాడు కానీ, తన సొంత ల్యాప్‌టాప్‌లో పాత డిస్ట్రోనే ఉంది. ఏళ్ల తరబడి చేత్తో అతుకుతూ వచ్చిన యంత్రం. ఏదైనా చెడితే గంటసేపు టైపు చేసి బాగుచేసుకునేవాడు. ఇప్పుడు గంటసేపు టైపు చేసే వేళ్లు లేవు. అవి పూర్తిగా పోయేలోపు దీన్ని కూడా కొత్తదానిలోకి మార్చాలి. ఇంకొకరి చేతికి వచ్చినా నడిచేట్టు రాసిపెట్టాలి. దుకాణం కోసం రాసిన ఫైలునే తీసుకుని, దానికి తనకు కావలసినవి కలుపుతూ పోయాడు. పెద్ద అక్షరాలు. ఒక్క వేలితో నడిచే కీబోర్డు. టైపు చేసింది పైకి చదివే గొంతు. ఒక వారం చూపుడువేలు పోయేది. ఆ ఆదివారం ఫైలులో ఒక వరుస మారేది.

అతను చెప్పేవాడు, నేను టైపు చేసేవాణ్ని. ఎక్కడైనా చిక్కుపడితే, అప్పటికప్పుడు ఒక ఆదేశం కొట్టి పని కానిద్దామని నేను చూసేవాణ్ని. ఒప్పుకునేవాడు కాదు.

“చేతితోని చేస్తె ఇయ్యాల్టికి అయితది సార్. రాస్తెనే రేపటికి ఉంటది.”

అప్పటికే మాట ముద్దగా వస్తున్నది. ఈ వాక్యం చెప్పడానికి అతనికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

మాట పోతే నాతోనూ భార్యతోనూ పని జరుగుతుంది. టైపు చేస్తాడు, మేం చదువుకుంటాం. తల్లికి చదువు రాదు. ఆమెతో మాట్లాడాలంటే గొంతే ఉండాలి. అందుకే చదివే గొంతును మొదట ఆమెకు వినిపించాడు. ఉచితంగా దొరికే తెలుగు గొంతు. డబ్బాలోంచి వచ్చినట్టు, అన్ని పదాలనూ ఒకే ఎత్తులో పలుకుతుంది. అవ్వా తిన్నవా అని పలికింది. ఆమె నూలు కండెలు చుడుతున్న రాట్నం ఆపి నన్ను చూసింది.

“గిదెవలు సారు?”

మీ కొడుకు చెప్పమన్నదే అది చెబుతున్నదని వివరించాను.

“నా కొడుకుకు గొంతు లేదా? గది తిన్నవా అంటె నేను ఎవలకు చెప్పాలె?”

మళ్లీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. ఆ గొంతు మాట్లాడినప్పుడల్లా ఆమె ముఖం గోడవైపు తిప్పుకునేది. అతను కసరలేదు. ఆమె అన్నది సరైనదేనని అతనికి అనిపించింది. తర్వాతి ఆదివారం నేను వెళ్లేసరికి, మైకు పెట్టుకుని తన గొంతు తానే రికార్డు చేసుకుంటున్నాడు.

మిగిలినదంతా ఈ పని చుట్టూనే తిరిగింది. గొంతు పూర్తిగా పోయేలోపు, తల్లికి అవసరమయ్యే మాటలన్నీ తన గొంతుతో దాచిపెట్టుకోవాలి. ఒక్కో మాటకు ఒక్కో మీట. మీట నొక్కితే తన గొంతు పలకాలి. పొద్దుటిపూట మాట కొంచెం తేటగా ఉండేది. అందుకని లేవగానే రికార్డు చేసేవాడు. పెద్ద మాటలేమీ కావు. అవ్వా. తిన్నవా. ఇటు రా. దూప అయితుంది, నీళ్లియ్యి. దోమలు కుడ్తున్నయి. జర పండుకో. ఏం కాదు తియ్యి. అతని భార్య షెడ్డుకు వెళ్తూ, మీ అవ్వను తిట్టే మాట ఒక్కటన్న పెట్టుకో, అది లేకుంటె ఆమె నువ్వని నమ్మది అన్నది. దాన్నీ పెట్టాడు. నీకేం తెల్వది ఊకో అన్న మాట.

సరిగ్గా ఉందో లేదో తేల్చేది తల్లే. రాట్నం దగ్గర నుంచే వినేది. నచ్చకపోతే ముఖం మీదే చెప్పేది.

“గిది పండుకొని లేసినట్టున్నది. మల్ల చెప్పు.”

అతను మళ్లీ చెప్పేవాడు.

“ఇది మంచిగుంది. గని నువ్వు గింత మెల్లగ ఎన్నడు పిలిచినవ్? మల్ల.”

ఒక్క ‘అవ్వా’ కోసం మూడు ఉదయాలు పట్టిందని భార్య చెప్పింది. అతను విసుక్కున్నా మళ్లీ మొదలుపెట్టేవాడట. ఆ రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు కూడా వినిపించేది. నిజానికి అతనూ తల్లీ అంతసేపు మాట్లాడుకున్నది అప్పుడేనేమో.

గొంతు అనుకున్నదానికంటే ముందే పోయింది. మిగిలింది ఒక శబ్దం మాత్రమే. మీటలు పనిచేశాయి. ఎడమచేతి మధ్యవేలితో నొక్కితే అతని పాత గొంతు పిలిచేది. ఆమె వంటింట్లో ఉన్నా పెరట్లో ఉన్నా పలికేది. తిన్నవా అంటే తిన్న అని చెప్పేది. నువ్వు అని మాత్రం అడిగేది కాదు. అప్పటికి అతనికి గొట్టంతోనే తిండి. పక్కింటివాళ్లతో మాట్లాడుతున్నప్పుడు ఆ గొంతు వినబడితే, నా కొడుకు పిలుస్తుండు అని లేచి వచ్చేది. కొన్ని వారాలు అట్లా గడిచాయి.

మధ్యవేలు కూడా బరువవుతుండడంతో, కంటిచూపుతో నడిచే పరికరం ఒకటి తెప్పించుకున్నాడు. తెర మీద ఎక్కడ చూస్తే అక్కడికి బాణం గుర్తు వస్తుంది. దానికి కావలసినవన్నీ ఆ వేలితోనే వారమంతా రాశాడు. అప్పటివరకు చేసిన మార్పులకు యంత్రాన్ని ఆపే పని రాలేదు. మూత వేస్తే నిద్రపోయేది, తీస్తే లేచేది. ఈ పరికరానికి మాత్రం ఆపి మళ్లీ పెట్టాలి. నేను వచ్చేదాకా ఆగాడు. నాకు చూపించాలని. డబ్బా గొంతు నాతో అన్నది:

“సార్. బంద్ చేసి పెడితే లేవని మిషన్‌ను నమ్మొద్దు. చూడుండ్రి.”

మీట నొక్కాడు. తెర నల్లబడింది. కాసేపటికి వెలిగింది. అక్షరాలు పెద్దగా, అన్నీ ఎక్కడివక్కడ, రాసింది రాసినట్టు లేచింది. అతను తెర మూలకు చూశాడు. బాణం గుర్తు మూలకు పోయింది. కింద చూశాడు. కిందికి వచ్చింది. నాకు సంతోషమైంది. అతనికీ అయి ఉంటుంది. మొదట తల్లినే పిలవబోయాడు.

‘అవ్వా’ అన్న గుర్తును చూశాడు. ఏమీ వినబడలేదు. మళ్లీ చూశాడు. తర్వాత వేలితో మీట నొక్కాడు. నేను లేచి సౌండు పెంచాను. పక్కన ఇంకో మీట నొక్కి చూశాను. ఆ పక్కది కూడా. తల్లి రాట్నం తిప్పుతూనే ఉంది. ఆమెను ఎవరూ పిలవలేదు కదా.

అతని ముఖంలో కండరాలు అప్పటికే కదలవు. అందుకని ఏం జరిగిందో అతని ముఖం చూసి నాకు తెలియలేదు. బాణం గుర్తు కదిలింది. ఫైలు తెరుచుకుంది. కిందికి, ఇంకా కిందికి పోయి ఒక వరుస దగ్గర ఆగింది. ఆపగానే అన్నీ పోవాలని చెప్పే వరుస అది. దుకాణం నుంచి అట్లాగే వచ్చింది. దాని పక్కన, తనకు గుర్తుండడానికి తెలుగులో రాసుకున్న మాట ఉంది: ఎవరి కాయితం వాళ్లతోనే పోవాలె.

దాని కింద, ఉంచవలసినవి ఉన్నాయి. పుస్తకాలు. బిల్లులు. పెళ్లి ఫొటోలు. ఈ ఫైలు. గొంతు రికార్డు చేసిన ప్రోగ్రాం తన రికార్డులను వేరే ఫోల్డరులో పెట్టుకుంటుంది. ఆ ఫోల్డరు పేరు అందులో లేదు. దాచుకోదగినవేవో మాట్లాడగలిగిన రోజుల్లో ఆలోచించి రాసుకున్న మనిషి అతను. అప్పుడు అతనికి గొంతు దాచుకోవలసిన వస్తువు కాదు.

నేను రెండు మూడు చోట్లకు ఫోన్ చేశాను. తెలిసినవాళ్లందరూ ఒకటే చెప్పారు. డిస్కు మీదికి ఎక్కనిదాన్ని ఎక్కడని వెతకాలని. ఆ సంగతి వాళ్లందరికంటే బాగా తెలిసినవాడు నా ముందే ఉన్నాడు. అతను ఎవరికీ ఫోన్ చేయమనలేదు.

తల్లి రాట్నం ఆపింది. “ఏమాయె?” అని నన్ను అడిగింది.

జవాబు అతనే టైపు చేశాడు. చాలాసేపు పట్టింది. డబ్బా గొంతు పలికింది. “నా గొంతు పోయింది అవ్వా. నేనే చెరుపుకున్న.”

ఎప్పటిలాగే ఆమె అటు చూడలేదు. “ఏమంటున్నది సారు అది?”

చెప్పాను. ఆమె లేచి, రాట్నం వదిలి, అతని మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది. అది అంత పెద్ద సంగతి అని ఆమెకు అనిపించలేదు.

“పోతె పోయింది. మల్ల చెప్పు కొడుకా. నేను ఇంట.”

అతను ఆమెను చూశాడు. నోరు తెరిచాడు. అప్పటికి మిగిలి ఉన్న ఆ ఒక్క శబ్దం వచ్చింది. ఆమె తల వంచి శ్రద్ధగా విన్నది.

“మల్ల” అన్నది.

నేను బయటికి వచ్చేశాను. బయట వీధంతా సాంచాల చప్పుడు. లోపల ఎన్నిసార్లు మల్ల అన్నదో నాకు తెలియదు.

ఆ తర్వాత అతను కొన్ని నెలలు బతికాడు. కంటిచూపు పరికరం చివరిదాకా చక్కగా పనిచేసింది. నాతో పుస్తకాల గురించి, లైబ్రరీ కంప్యూటర్ల గురించి మాట్లాడేవాడు. తల్లి అదే గదిలో ఉండేది. ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది, అతని కళ్లు చూసి చాలావరకు తెలుసుకునేది. డబ్బా గొంతు మొదలైతే మాత్రం లేచి పెరట్లోకి పోయేది. ఆమె ఉన్నప్పుడు దాన్ని వాడడం అతనే మానేశాడు. అట్లా ఇద్దరూ ఒకే గదిలో మాట లేకుండా ఉండిపోయారు.

ఒక ఆదివారం నన్ను ఒక పని అడిగాడు. మీటలకు మాటలు కట్టిన వరుసలు ఫైలులో ఇంకా ఉన్నాయి. తీసేయమన్నాడు. ఉంటే నష్టమేముందన్నాను. లేనిది ఉన్నట్టు రాసుడు తప్పు అని తెర మీద వచ్చింది. గొంతుతో చెప్పించలేదు. తల్లి గదిలో ఉంది. అవ్వా, తిన్నవా, ఇటు రా, ఒక్కొక్కటీ తీసేశాను. యంత్రం సర్దుకుంది. తప్పులేమీ లేవని చెప్పింది. ఆ తర్వాత ఫైలులో అతను దేన్నీ మార్చలేదు.

చనిపోయినప్పుడు నేను లేను. ఫోన్ అతని భార్య చేసింది. అన్నా, ఆయన పోయిండు అని పెట్టేసింది.

దినాలు అయ్యాక ఒకసారి వెళ్లాను. అతని భార్య షెడ్డుకు పోయి ఉంది. తల్లి ఒక్కతే ఉంది. మంచం తీసేశారు. ల్యాప్‌టాప్ కిటికీ దగ్గర బల్ల మీద గుడ్డ కప్పి ఉంది. దాని బ్యాటరీ చివరి నెలల్లో పోయింది. తీగ పెడితేనే నడుస్తుంది. ఆమె నాకు చాయ్ ఇచ్చి, ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. ఏదో అడగాలని ఉన్నట్టు నాకు తెలుస్తూనే ఉంది.

“సారు, గా డబ్బల గొంతు ఇంక ఉన్నదా?”

ఉంది అన్నాను.

“నా కొడుకు చెప్పమన్నయి చెప్తుండె అంటివి గద. నేను ఇనకపోతి. ఒక్కపారి పెట్టు. గదన్న ఇంట.”

లేచి గుడ్డ తీశాను. తీగ పెట్టాను. యంత్రం లేచింది. ఎక్కడివక్కడ అన్నీ ఉన్నాయి. చదివే గొంతు సిద్ధంగా ఉంది. అతను టైపు చేసిన మాటలు మాత్రం ఒక్కటీ లేవు. అవి కూడా ఉంచమని ఎక్కడా రాసి లేదు. ఖాళీ పెట్టెలో గుర్తు వెలిగి ఆరుతోంది. నేను ఏం టైపు చేస్తే అది ఆ గొంతు పలుకుతుంది. అవ్వా అని కొడితే అవ్వా అంటుంది. ఆమెకు తేడా తెలియదు. ఆమె కొంగు సర్దుకుని, ముఖం ఇటు తిప్పి కూర్చుంది.

వేళ్లు మీటల మీద పెట్టాను. ఏమీ కొట్టకుండానే తీసేశాను. తర్వాత మూత వేసి, కరెంటు లేదని చెప్పాను.

ఆమె తలెత్తి, పైన తిరుగుతున్న ఫ్యానును చూసింది. కళ్లు దించుకుంది.

“కరెంటు అచ్చినంక చెప్పు సారు” అన్నది.